ఆఫీసులో ఒక్క కప్పు కోసం చేతి కాఫీ గ్రైండర్ ఎలా ఎంచుకోవాలి?

నాకోసం రెండు, స్నేహితుల కోసం ఓ అరడజను చేతి గ్రైండర్లు కొన్నాను. అందులో మొదటిది డబ్బు దండగ. అందరూ చేసే తప్పే నేనూ చేశాను. పిడి చెక్కదా, పైన సిరామిక్ అని రాసుందా, ఫొటోలో బాగుందా అని చూశాను గానీ లోపల ఇరుసు ఊగుతోందో లేదో చూడలేదు. ఇంట్లో తిరగలి తిప్పినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. మధ్యలో మేకు వదులైతే పై రాయి ఊగుతుంది, ఒక పక్క పిండి, ఇంకో పక్క బద్దలు పడతాయి. కాఫీ గ్రైండర్‌ది కూడా అదే కథ.

ముందు కాఫీ ఎందులో కాస్తారో తేల్చుకోండి

ఆఫీసులో పనికొచ్చేవి మూడే: ఏరోప్రెస్ (గొట్టంలో పొడీ నీళ్లూ పోసి పిచికారీలా నొక్కేది), పోర్ ఓవర్ (కాగితం ఫిల్టర్‌లో పొడి వేసి పైనుంచి నీళ్లు పోసేది), చిన్న ఫ్రెంచ్ ప్రెస్ (పొడి నానాక జల్లెడని కిందికి నొక్కేది). మన ఇత్తడి ఫిల్టర్ మీద నాకు గౌరవమే, కానీ డికాక్షన్ దిగేలోపు మీటింగ్ మొదలైపోతుంది, దాన్ని ఇంట్లోనే ఉంచండి. ఎస్ప్రెసో కోసమైతే అసలు ఈ వ్యాసం వదిలేయండి, దానికి వేరే తరహా గ్రైండర్ కావాలి, పైగా అంత మెత్తగా చేత్తో తిప్పాలంటే భుజం పడిపోతుంది.

పొడి ఎంత బరక ఉండాలో వంటింటి లెక్కలో చెప్తాను. ఫ్రెంచ్ ప్రెస్‌కి ఇడ్లీ రవ్వ, పోర్ ఓవర్‌కి బొంబాయి రవ్వ, ఏరోప్రెస్‌కి మెత్తటి ఉప్పు. ఈ మూడూ సరిగ్గా పడే గ్రైండర్ చాలు.

సైజు

ఒక కప్పుకి 15 గ్రాముల గింజలు, 230 మి.లీ. దాకా నీళ్లు. కాబట్టి 20 గ్రాములు పట్టేది కొనండి. "రేపు ఎవరైనా అడిగితే?" అని 40 గ్రాములది కొనకండి, అది డ్రాయర్‌లో పట్టదు, చేతిలో అంతకన్నా పట్టదు. ఒక చేత్తో గట్టిగా పట్టుకుని ఇంకో చేత్తో తిప్పాలి కదా, చేతులు చిన్నవైతే సన్నటి ఒళ్లున్నదే తీసుకోండి.

పళ్లు

శంకువు ఆకారంలో ఉండే స్టీలు బర్ తీసుకోండి, అంతే. బర్ అంటే గింజని నలిపే పళ్ల చక్రం. సిరామిక్‌ది తుప్పు పట్టదు, నిజమే, కానీ చవకరకం సిరామిక్‌లో 15 గ్రాములకి రెండు మూడు నిమిషాలు తిప్పాలి, గింజల్లో రాయి పడితే పన్ను విరుగుతుంది. మంచి స్టీలు బర్ నిమిషంలోపే పని ముగిస్తుంది. మరీ లైట్ రోస్ట్ గింజలు రాళ్లలా ఉంటాయి కాబట్టి వాటికి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. నేను రోజూ వాడేది అరకు అరబికా, మీడియం రోస్ట్, హాయిగా తిరుగుతుంది.

ఇక్కడ ఎవరో ఒకరు "మిక్సీలో ఓ తిప్పు తిప్పి డబ్బాలో తెచ్చుకుంటే పోదా?" అంటారు. పోదండీ. మిక్సీ బ్లేడు గింజని నలపదు, నరుకుతుంది. బ్లేడుకి దొరికిన ముక్క దుమ్మవుతుంది, దొరకనిది పలుకులా మిగులుతుంది. దుమ్ములోంచి చేదు ముందే దిగిపోతుంది, పలుకులోంచి రుచి దిగేలోపు కాఫీ చల్లారిపోతుంది, ఒకే కప్పులో చేదూ పులుపూ రెండూ తగులుతాయి. పైగా ఉదయం ఏడింటికి ఆడించిన పొడి వాసన మధ్యాహ్నం మూడింటికి మీ లంచ్ బ్యాగ్‌లో ఉంటుంది, కప్పులో ఉండదు. చికోరీ కలిపిన పొడి తాగేవాళ్లకి ఈ గోల లేదు, చికోరీ విడిగా పొడిగానే దొరుకుతుంది. దాన్ని మాత్రం గ్రైండర్‌లో వేయకండి, తేమ పీల్చుకుని పళ్లకి బంకలా పట్టేస్తుంది.

అసలు కష్టం ఇక్కడే: ఇరుసు, సున్నా

పార్సిల్ రాగానే గింజలు పోసేయకండి. ఒక్కసారి కాఫీ పొడి అంటితే చాలామంది వాపసు తీసుకోరు. ఖాళీగా ఉండగానే ఇవన్నీ చూడాలి, ఓ పది నిమిషాల పని.

కింది డబ్బా విప్పి గ్రైండర్‌ని తలకిందులుగా పట్టుకోండి. మధ్యలో తిరిగే బర్‌ని వేలితో పక్కలకి నెట్టండి. అస్సలు కదలకూడదు. వెంట్రుకవాసి కదిలినా నేనైతే వెనక్కి పంపేస్తాను. కొందరు "గింజలు పడితే సర్దుకుంటుంది" అంటారు, సర్దుకోదు, గింజ ఎటు నెడితే అటు వంగుతుంది. మంచివాటిలో ఇరుసుని పైనా కిందా రెండు చోట్ల బేరింగులు పట్టుకుని ఉంటాయి. చవకవాటిలో ప్లాస్టిక్ కంత మాత్రమే ఉంటుంది, అది రోజురోజుకీ అరిగి పెద్దదవుతుంది.

తర్వాత ఫోన్ టార్చ్ వేసి, లోపలి బర్‌కీ బయటి రింగుకీ మధ్య సందు చూడండి. చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక పక్క సన్నగా, ఇంకో పక్క వెడల్పుగా కనిపిస్తే ఇరుసు మధ్యలో లేదని అర్థం.

ఇప్పుడు సున్నా, అంటే పళ్లు పూర్తిగా ఆనుకునే చోటు. మరను బిగించే చక్రాన్ని (పొడి బరక మార్చేది ఇదే) ఒక్కో క్లిక్, అంటే టక్కుమనే ఒక్కో మెట్టు, బిగిస్తూ, ప్రతి క్లిక్‌కీ హ్యాండిల్‌ని మెల్లగా తిప్పి చూడండి. ఒక దశలో "కిర్రు" మని సన్నగా లోహం రాసుకుంటుంది. ఇంకాస్త బిగిస్తే హ్యాండిల్ తిరగడం ఆగిపోతుంది. ఆగిపోయిన చోటే సున్నా. అక్కడ ఆగండి! బలం పెట్టి ఇంకో క్లిక్ లాగారంటే పళ్ల అంచులు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, కొత్త గ్రైండర్ మొదటి రోజే పాతదవుతుంది. నా కళ్లముందే ఒకాయన "ఇంకా బిగుస్తుందేమో" అని పంటి బిగువున తిప్పాడు.

కిర్రుమనడం మొదలైన చోటుకీ, పూర్తిగా ఆగిన చోటుకీ మధ్య రెండు మూడు క్లిక్‌లు ఉంటే బంగారం. ఏడెనిమిది ఉంటే ఇరుసు వంకరేమోనని అనుమానించండి. అన్ని గ్రైండర్లలో క్లిక్ ఒకే కొలత కాదు కాబట్టి ఈ అంకెని మరీ పట్టుకోకండి. కింగ్రైండర్ కె6 అనే గ్రైండర్‌లో ఒక క్లిక్ 16 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కమాండాంటే సి40 అనే దాంట్లో 30. అందుకే స్నేహితుడు "నేను 18లో పెడతా" అంటే మీరూ 18లో పెట్టకండి, ఆయన గ్రైండర్ వేరు, ఆయన సున్నా వేరు. మీ సున్నా నుంచి లెక్కపెట్టి చీటీ మీద రాసుకోండి.

చివరగా, ఇవన్నీ బాగుంటేనే, ఏరోప్రెస్‌కి తగ్గ మెత్తదనంలో ఐదు గ్రాములు ఆడించి తెల్ల కాగితం మీద పరవండి. టీ వడకట్టుతో జల్లించండి. పైన నాలుగైదు పలుకులు మిగిలితే ఫర్వాలేదు, సగం మిగిలిపోతే మీ క్లిక్ బరకగా ఉంది, తగ్గించండి. అదే కాగితం మీద పలుకులూ, దుమ్మూ రెండూ సమంగా కనిపిస్తే తప్పు క్లిక్‌ది కాదు, ఇరుసుది.

నా మొదటి గ్రైండర్ ఈ పరీక్షల్లో ఒక్కటీ నెగ్గేది కాదు. తిప్పుతుండగానే మర దానంతటదే వదులయ్యేది, మూడో నెలకి హ్యాండిల్ కూర్చునే కంత గుండ్రంగా అరిగిపోయి హ్యాండిల్ ఒక్కటే తిరిగేది, గింజలు చక్కగా నిద్రపోయేవి.

ఏది కొనాలి

టైమ్‌మోర్ సి2 తరహావి చాలామందికి చాలు. ఏరోప్రెస్ వాళ్లకి 1జెడ్‌ప్రెస్సో క్యూ2 బాగుంటుంది, ఏరోప్రెస్ గొట్టంలోనే దూరిపోతుంది, బ్యాగ్‌లో చోటు మిగులుతుంది. కమాండాంటే గొప్పదే, కానీ ఆఫీసు డ్రాయర్‌లో తాళం లేకుండా పెట్టే వస్తువు కాదు. వెయ్యీ పదిహేను వందల్లో వచ్చేవాటి జోలికి వెళ్లకండి, ఆ డబ్బుతో నాలుగు నెలలు క్యాంటీన్ కాఫీ తాగి, దాచుకుని మంచిది కొనండి.

సీటు దగ్గర

ఏసీ గదిలో పొడి డబ్బా గోడలకి అతుక్కుంటుంది. చెంచా కాడని నీళ్లలో ముంచి గింజలని ఒకసారి కలపండి, ఆ ఒక్క చుక్క చాలు. చప్పుడు ఉంటుంది, కంకర మీద ఆటో వెళ్లినట్టు, ప్యాంట్రీకి వెళ్లి తిప్పుకోండి. నేను మొదటి రోజు సీట్లోనే తిప్పితే పక్క టీమ్ తమ్ముడు "ఏందన్నా, ఆఫీసుకు ఇసుర్రాయి తెచ్చినవా?" అన్నాడు. స్టీలు బర్‌ని నీళ్లతో కడగకండి, వారానికోసారి బ్రష్‌తో దులిపితే సరి. శుభ్రం అవుతుందని బియ్యం వేసి తిప్పడం కూడా వద్దు.

ఇంకొకటి, ఎవరికీ అప్పివ్వకండి. మా ప్యాంట్రీలో ఎవరో నా గ్రైండర్‌లో టీ కోసం యాలకులు ఆడించారు, నెల రోజులు కాఫీ పాయసంలా వాసనొచ్చింది. అప్పట్నుంచి గ్రైండర్ బల్ల మీదే ఉంటుంది, హ్యాండిల్ మాత్రం నా బ్యాగ్‌లో పెట్టుకుంటున్నాను.