మీటరు పట్టి నేర్చుకుందాం – 4వ పాఠం: కూడితే ఎందుకు సరిపోలేదు?

పోయిన పాఠంలో ఒక్క రెసిస్టరుతో ఓం నియమం చూశాం. ఈసారి మూడు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ 1845లో, ఇంకా విద్యార్థిగా ఉండగానే, చెప్పిన రెండు నియమాలను పరీక్షిద్దాం. తీగలు కలిసే చోటు, అంటే జంక్షన్‌లోకి ఎంత కరెంటు వస్తే అంతే బయటికి పోవాలి. మొదలైన చోటికే తిరిగొచ్చే దారి, అంటే లూపు చుట్టూ తిరిగొస్తే వోల్టేజీల మొత్తం సున్నా కావాలి.

బరంపురం, పర్లాకిమిడి వైపు ఒడియా మీడియంలో చదివినవాళ్లకు ఒక మాట: మీ పుస్తకంలో ‘బిభబాంతర’ అని ఉన్నదే ఇక్కడ వోల్టేజీ. ఇంట్లో "కరెంటు పోయింది" అంటాం గానీ, నిజానికి పోయేది వోల్టేజీ. అది పోతే కరెంటు ఆగుతుంది.

కావలసినవి: బ్రెడ్‌బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు, డిజిటల్ మల్టీమీటరు, పావు వాట్ రెసిస్టర్లు మూడు. 1 కిలోఓముకు గోధుమ, నలుపు, ఎరుపు, 2.2కు మూడు ఎరుపులు, 3.3కు నారింజ, నారింజ, ఎరుపు. గోపాల్‌పూర్ దగ్గర సముద్రపు గాలికి పాత రెసిస్టర్ల కాళ్లు నల్లబడతాయి. గరుకు కాగితంతో రుద్దాకే గుచ్చండి, లేకపోతే అంకెలు ఊగుతూనే ఉంటాయి.

బ్యాటరీ ప్లస్ నుంచి 1 కి.ఓ., దాని రెండో కొన ‘అ’ అనే జంక్షన్. అక్కడి నుంచి 2.2, 3.3 రెండూ సమాంతరంగా ‘ఆ’ దాకా. ‘ఆ’ నుంచి మైనస్‌కు. సమాంతర జత విలువ 1.32, మొత్తం 2.32 కిలోఓములు. 9 వోల్టులకు 3.88 మిల్లీఆంపియర్లు రావాలి.

ముందు వోల్టేజీ. డయలు డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబు వెనక, ఎర్రది ముందు ఉండేలా లూపు చుట్టూ నడవండి. మైనస్ నుంచి ప్లస్‌కు +9.00, ప్లస్ నుంచి ‘అ’కు −3.88, ‘అ’ నుంచి ‘ఆ’కు −5.12. మొత్తం సున్నా. మీ బ్యాటరీ 9.3 చూపినా ఇబ్బంది లేదు, సర్క్యూట్ తగిలించి ఉండగానే కొలిస్తే చాలు. బంగారు గీత ఉన్న రెసిస్టరు 5 శాతం అటూఇటూ ఉండొచ్చు, అయినా మొత్తం సున్నాయే. లూపు నియమం రెసిస్టరు విలువ అడగదు.

అసలు తంటా కరెంటు దగ్గరే. మీటరును పక్కన ఆనించడం కాదు, దారి తెంచి మధ్యలో పెట్టాలి. 20 మి.ఆం. రేంజిలో మొత్తం కరెంటు 3.86, ‘అ’ దగ్గర చీలిన కొమ్మల్లో 2.2 వైపు 2.32, 3.3 వైపు 1.55. కూడితే 3.87, బాగుంది. ఇప్పుడు 1.55ను ఇంకాస్త కచ్చితంగా చూద్దామని ఆ కొమ్మకు మాత్రం 2 మి.ఆం. రేంజికి తిప్పారనుకోండి. 1.51 వస్తుంది, కూడితే 3.83. నియమం తప్పలేదు, మీటరే సర్క్యూట్లో దూరింది. మామూలు చవక మీటరు 20 మి.ఆం. రేంజిలో సుమారు 10 ఓములు, 2 మి.ఆం. రేంజిలో సుమారు 100 ఓములు తనవిగా కలుపుతుంది. 3.3 కాస్తా 3.4 అయిపోయింది. అందుకే మూడు చోట్లా ఒకే రేంజి.

కరెంటు ఎక్కడ చూసినా 0.00, వోల్టేజీలు మాత్రం సరిగ్గా ఉంటే, మీటరు లోపలి ఫ్యూజు పోయినట్టే. మిల్లీఆంపియర్ల దగ్గర డయలు వదిలేసి ప్రోబులు బ్యాటరీకి ఆనిస్తే అది పోతుంది. ఈ తప్పు దాదాపు అందరూ ఒకసారి చేస్తారు.

వచ్చే పాఠానికి: రెండు 1 మెగాఓము రెసిస్టర్లు శ్రేణిలో పెట్టి 9 వోల్టులు ఇవ్వండి. లోపలి నిరోధం 1 మెగాఓము ఉన్న మీటరైతే ఒక్కోదాని మీద 3 వోల్టులే చూపుతుంది. 10 మెగాఓములదైతే 4.29. ఆ తక్కువైన వోల్టులు ఎటు పోయాయో కాగితం మీద లెక్కేసి ఉంచుకోండి.