అన్నం ముట్టని కుక్క, మూల చేరిన పిల్లి: కారణం పట్టుకోవడం ఎలా?

అనంతపురం జిల్లాలో కుక్కనో పిల్లినో పెంచుకునే ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒక్కటే: "నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు, మూల పట్టుకొని పడుకుంది." ఎండదెబ్బ తగిలినా, పిడుదుల జ్వరం వచ్చినా, పురుగుమందు కడుపులోకి పోయినా, పార్వో అనే వైరస్ సోకినా జంతువు మొదట చేసేది ఇదే కాబట్టి, ఈ ఒక్క లక్షణాన్ని చూసి మందు వేయడం ప్రమాదకరం. దాని వెనుక ఉన్న రెండో లక్షణాన్ని వెతకాలి. ఆ పని ఇంట్లోనే అయిదు నిమిషాల్లో అవుతుంది, పశువైద్యుడి దగ్గరికి ఎంత తొందరగా వెళ్లాలో కూడా దానితోనే తేలుతుంది.

ముందుగా చూడవలసినవి రెండు: చిగుళ్లు, జ్వరం.

పై పెదవిని బొటనవేలితో మెల్లగా ఎత్తి, కోరపన్ను పైన ఉన్న చిగురును వెలుతురులో చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు తడిగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగు తేరాలి. నాటుకుక్కల్లో చాలావాటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కింది కనురెప్పను కొంచెం లాగి లోపలి పొరను చూస్తే సరిపోతుంది. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం బాగా తగ్గిందనో, రక్తప్రసరణ మందగించిందనో అనుమానించాలి. పసుపుపచ్చగా ఉంటే కాలేయం దెబ్బతినడమో, రక్తకణాలు చిట్లడమో జరుగుతోంది. ఇటుక రంగుకు తిరిగితే ఒంట్లో వేడి మితిమీరి ఉండవచ్చు. నీలంగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటే ప్రాణవాయువు అందడం లేదు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకూడదు.

జ్వరాన్ని ముక్కు తడిని బట్టి నిర్ణయించలేము. డిజిటల్ థర్మామీటరు కొనకు కొబ్బరినూనె రాసి, ఇంకొకరు తలవైపు పట్టుకొని ఉండగా, మలద్వారంలోకి ఒక అంగుళం లోపు పెట్టి చూడాలి. కుక్కలకూ పిల్లులకూ సుమారుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు సహజమైన వేడి. ఈ సంగతి తెలియక, మనిషికి ఉండే 98.6తో పోల్చుకొని "ఒళ్లు కాలిపోతోంది" అంటూ ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రను పాలలో కలిపి పట్టేవారు చాలామంది ఉన్నారు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయడానికి చాలు. కుక్కలకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఇస్తే కడుపులో పుండ్లు పడి రక్తం కారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మనుషుల మందుల పెట్టె వైపు చెయ్యి పోకుండా ఆపుకోవడమే మన ఇళ్లలో అన్నిటికంటే ముందు జరగవలసిన మార్పు.

విపరీతంగా రొప్పుతోంది, చొంగ చిక్కగా కారుతోంది, తూలుతోంది

ఏప్రిల్, మే నెలల్లో ఈ లక్షణం కనిపిస్తే మొదటి అనుమానం వడదెబ్బ మీదనే ఉండాలి. కుక్కకు చెమట పట్టేది ప్రధానంగా పాదాల అడుగున మాత్రమే. ఒంటి వేడిని అది రొప్పడం ద్వారానే తగ్గించుకుంటుంది. 40 డిగ్రీల సెల్సియస్ దాటిన గాలిని పీల్చి వదులుతూ ఒళ్లు చల్లబరుచుకోవడం ఎంతటి కుక్కకైనా కష్టం. రేకుల షెడ్డు కింద కట్టేయడం, మిద్దె మీద గొలుసుతో వదిలేయడం, కడప బండలు పరిచిన వాకిట్లో నీడ జరిగిపోయాక కూడా అక్కడే ఉంచడం, ఆపి ఉంచిన కారులో కూర్చోబెట్టడం సాధారణంగా కనిపించే కారణాలు. పొద్దున నీడ ఉన్న చోటే మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, కట్టేసిన జంతువు అక్కడి నుంచి జరగలేదు.

వెంటనే నీడకు చేర్చి, మామూలు కుళాయి నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల సందులు, పాదాలు తడిసేలా పోస్తూ ఫ్యాను వేయాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే అది కాసేపటికే వెచ్చబడి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. స్పృహ ఉంటే గిన్నెలో నీళ్లు ముందు పెట్టాలి తప్ప నోట్లో బలవంతంగా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. థర్మామీటరు 103 డిగ్రీలకు దిగగానే నీళ్లు పోయడం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తేరుకొని తోక ఊపినా సరే వెళ్లవలసిందే, ఎందుకంటే అంత వేడికి దెబ్బతిన్న మూత్రపిండాలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లో మొరాయించవచ్చు. పిల్లి నోరు తెరిచి రొప్పితే అది ఎప్పుడైనా అత్యవసర పరిస్థితే.

నడకకు తీసుకెళ్లే ముందు అరచేతి వెనుకభాగాన్ని రోడ్డుకు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు మీద కుక్క పాదాలు కూడా కాలుతాయి. ఇక్కడే ఒక మాట చెప్పాలి. మంచు ప్రాంతాల కోసం పుట్టిన హస్కీలను, ముక్కు చప్పిడిగా ఉండి సరిగా రొప్పలేని పగ్ జాతి కుక్కలను అనంతపురం ఎండలోకి తెచ్చుకోవడం వాటికి మనం చేసే అన్యాయం. ఇప్పటికే తెచ్చుకున్నవారు పగటిపూట చల్లని గదిని వాటికోసం కేటాయించక తప్పదు.

జ్వరం 103 దాటింది, చిగుళ్లు పాలిపోయాయి, ముక్కులో రక్తం

ఈ మూడూ కలిసి వస్తే పిడుదుల ద్వారా వ్యాపించే ఎర్లీకియా వ్యాధిని ముందుగా అనుమానించాలి. పొట్ట మీద ఎర్రని చుక్కలు కూడా కనిపించవచ్చు. మూత్రం కాఫీ రంగులోకి మారితే, చిగుళ్లు పచ్చబడితే బబీసియా అనే మరో వ్యాధి కావచ్చు, అది కూడా పిడుదుల నుంచి వచ్చేదే. రెండింటి మందులు వేరు కాబట్టి రక్తపరీక్ష చేయించకుండా ఊహతో వైద్యం చేయకూడదు. ఎర్లీకియాకు పశువైద్యులు సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను దాదాపు నాలుగు వారాలు వాడమంటారు. రెండో మూడో రోజుకే కుక్క లేచి తినడం మొదలుపెడుతుంది, దాంతో మాత్రలు ఆపేస్తారు. వ్యాధి మళ్లీ తిరగబెట్టడానికి ఇదొక ముఖ్య కారణం.

కుక్క ఒంటి మీద ఉన్న పిడుదులను ఏరేస్తే పని అయిపోయినట్టు కాదు. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందికి దిగి, బండల సందుల్లో, కాంపౌండు గోడ పగుళ్లలో, మూలన పేర్చిన పాత సామాను కింద వేల గుడ్లు పెడుతుంది. మన ఇళ్లలో బండల మధ్య సిమెంటు ఊడిపోయిన సందులు వాటికి చాలా అనుకూలమైన చోట్లు. అందువల్ల సందులు పూడ్చడం, కుక్క పడుకునే గుడ్డలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేయడం, పశువైద్యుడు సూచించిన మందును కుక్కకూ ఇంటికీ ఒకేసారి వాడడం, నెలకొకసారి దాన్ని కొనసాగించడం అవసరం. పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నేరుగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ రాయడం వద్దు. కుక్కలకు వాడే పర్మెత్రిన్ ఉన్న మందులు పిల్లులకు ప్రాణాంతకం కాబట్టి రెండూ ఉన్న ఇంట్లో సీసా మీద రాసినదాన్ని చదవకుండా ఏదీ పూయకూడదు.

చొంగ, కళ్ల వెంట నీళ్లు, విరేచనాలు, కండరాలు అదరడం

సేద్యం ఉన్న ఇళ్లలో దీనికి తొలి కారణంగా పురుగుమందును అనుమానించాలి. పొలానికి కొట్టగా మిగిలిన మందును నీళ్లలో కలిపి పిడుదులు పోవడానికి కుక్కకు పూయడం పల్లెల్లో ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటివి చర్మం గుండా లోపలికి ఇంకిపోతాయి, పైగా కుక్క తన ఒంటిని తానే నాకుతుంది. కంటిపాప చిన్నబారి, ఊపిరి బరువెక్కితే పరిస్థితి విషమించినట్టే. చేతులకు తొడుగులు వేసుకొని, సబ్బుతో బాగా రుద్ది కడిగి, మందు డబ్బాను కూడా వెంట తీసుకొని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ విషానికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది, కానీ ఏ మందో తెలిస్తేనే వైద్యుడు నిర్ణయం తీసుకోగలడు. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించే అలవాటును పూర్తిగా మానుకోవాలి. ఆ ఉప్పే మరో విషం అవుతుంది, మూర్ఛ వచ్చిన జంతువుకు నోట్లో పోసిన ద్రవం ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

ఎలుకల మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే తిరిగి, ఆ తరువాత చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం కార్చవచ్చు. రక్తం గడ్డకట్టనివ్వని ఈ రకానికి విటమిన్ కె1 మందు. తిన్నట్టు తెలిసిన రోజే వెళితే బతికే అవకాశం ఎక్కువ.

వేరుశనగ పండే నేల కాబట్టి చెప్పవలసిన సంగతి ఇంకొకటి ఉంది. తడిసి బూజు పట్టిన వేరుశనగలోనూ, దాని చెక్కలోనూ అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క నుంచే ఈ విషం మొదటిసారి బయటపడింది. ఎనుముల కుడితి తొట్టిలో నానబెట్టిన చెక్కను కుక్క రోజూ నాకుతుంటే, కొన్నాళ్లకు తిండి మానేసి, వాంతులు చేసుకొని, కళ్లు చిగుళ్లు పచ్చబడతాయి. కాలేయానికి వైద్యం చేయించడంతోపాటు ఆ తొట్టిపై మూత పెట్టాలి, బూజు పట్టిన చెక్కను ఎనుములకు కూడా వేయకూడదు. ఉడికినా పచ్చివైనా ఉల్లిపాయలు రక్తకణాలను చిట్లిస్తాయి, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలను చెడగొడుతుంది.

పిల్ల కుక్క వాంతులు, రక్తపు విరేచనాలు

టీకా వేయని కూనలో ఇది చాలావరకు పార్వో. ఒళ్లు ఎండిపోవడం వల్లనే ఎక్కువ కూనలు చనిపోతాయి కాబట్టి నోటి ద్వారా మజ్జిగ, చక్కెర నీళ్లు పట్టుకుంటూ ఒక రోజు గడపకుండా, సెలైన్ ఎక్కించడానికి ఆ పూటే తీసుకెళ్లాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో తొలి టీకా, తరువాత పదహారు వారాలు నిండే వరకు మూడు నాలుగు వారాలకొకటి వేయించాలి. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ పౌడరు నీళ్లకు లొంగుతుంది. విరేచనంలో రక్తం పెద్దగా లేకుండా, పొట్ట ఉబ్బి, చిగుళ్లు మాత్రం తెల్లబడితే పేగుల్లో రక్తం తాగే కొంకి పురుగులను అనుమానించి, మలాన్ని పరీక్ష చేయించాలి.

మగ పిల్లి మాటిమాటికీ మూత్రానికి కూర్చుని అరుస్తోంది

దీన్ని మలబద్ధకమనుకొని ఆముదం పట్టేవారున్నారు. మూత్రనాళం మూసుకుపోయిందేమోనని ముందు అనుమానించాలి. పొట్ట కింద గట్టిగా నిమ్మకాయంత గడ్డ తగిలితే అది నిండిన మూత్రాశయం, నొక్కకూడదు, చిట్లుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది కాబట్టి తెల్లవారే దాకా ఆగవద్దు. కోలుకున్న తరువాత ఇంట్లో రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెట్టి, పొడి మేతకు బదులు తడి తిండి ఎక్కువ ఇవ్వాలి.

హఠాత్తుగా కుంటడం, ముఖమో కాలో వాచడం

పాదం నాకుతూ కుంటితే వేళ్ల సందుల్లో పల్లేరు కాయ ముల్లు ఉందేమో చూసి తీసి, ఉప్పునీళ్లతో కడిగితే సరిపోతుంది. గడ్డి విత్తనం లోపలికి దిగి చీము పట్టితే మాత్రం వైద్యుడే తీయాలి. వాపు నిమిషాల్లో పెరుగుతూ, గాటు నుంచి రక్తం ఆగకుండా కారితే రక్తపింజరో చిన్నపింజరో కరిచి ఉండవచ్చు. కనురెప్పలు వాలి, కాళ్లు పట్టు తప్పితే నాగుపామో కట్లపామో. కట్టు కట్టకుండా, కోయకుండా, నడిపించకుండా ఎత్తుకొని తీసుకెళ్లాలి. మన దేశంలో దొరికే విరుగుడు సూది ఈ నాలుగింటికీ పనిచేస్తుంది. అది దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కొని ఫోను నంబరు రాసి పెట్టుకోవాలి.

గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు నోరు తెరుచుకొనే ఉంది, చొంగ కారుతోంది

అన్ని లక్షణాల్లోకీ ఇది మనుషులకు అత్యంత ప్రమాదకరమైనది. రేబిస్ అంటే కనిపించినవాటినల్లా కరిచే పిచ్చి అని అందరికీ తెలుసు. కానీ చాలా కుక్కల్లో అది మౌనంగా వస్తుంది. దవడ జారిపోతుంది, మింగలేదు, గొంతు మారుతుంది, చీకటి మూలకు పోయి పడుకుంటుంది. ఎముక ఇరుక్కుందనుకొని నోట్లో వేళ్లు పెట్టి వెతికిన వారికి ఆ చొంగ ద్వారానే వైరస్ సోకవచ్చు. కాబట్టి టీకా లేని కుక్క నోరు ఇలా ఉంటే చెయ్యి పెట్టకూడదు. గదిలో మూసి, పశువైద్యుడికి ఫోను చేయాలి. చొంగ గాయానికి తగిలినా, కరిచినా, గీరినా ఆ చోటును ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నిటికీ వెళ్లాలి. లక్షణాలు బయటపడ్డాక కుక్కకు గానీ మనిషికి గానీ వైద్యం లేదు. కుక్కకైనా పిల్లికైనా మూడు నెలల వయసులో తొలి రేబిస్ టీకా వేయించి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పినట్టు ఏటా బూస్టరు వేయించి, ఆ కార్డును ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి. కరిచినప్పుడు డాక్టరు మొదట అడిగేది దాన్నే.