ఇంగ్లండ్ అద్దె ఇంట్లో లెదర్ సోఫా ఉందా? ముందు నూనె సీసా దూరంగా పెట్టండి

మొన్న ఆదివారం పొదిలి నుంచి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు భోజనానికి పిలిచాడు. ఫర్నిచర్‌తో సహా అద్దెకు తీసుకున్న ఇల్లు. హాల్లో లేత గోధుమరంగు లెదర్ సోఫా, దాని మీద తల ఆనించే చోట అరచెయ్యంత నల్లటి మచ్చ. "ఎండిపోయినట్టుంటే కొబ్బరినూనె రుద్దానన్నా, మెరుస్తుందని" అన్నాడు. నా గుండె గుభేలుమంది. లెస్టర్‌లో దిగిన మొదటి చలికాలం నేను చేసిందీ సరిగ్గా ఇదే.

కావలి దగ్గర మా ఊళ్లో తాత కొత్త చెప్పులకు ఆముదం పట్టించేవాడు. రెండు రోజుల్లో కరకరలాడే తోలు మెత్తబడేది. తోలుకు నూనె మంచిదని నాకు అప్పటి నుంచీ నమ్మకం. కానీ ఆ చెప్పుల తోలు మందం, పైన పూత ఉండదు, ఎంత పోసినా తాగేస్తుంది. సోఫా తోలు అలా కాదు. చాలావాటికి పైన రంగు, ఆ రంగు మీద సన్నటి పూత ఉంటాయి. నూనె లోపలికి దిగక పైనే జిడ్డుగా నిలిచి, దుమ్ము పట్టి నల్లబడుతుంది. కొన్నాళ్లకు పూత మెత్తబడి రంగు లేచిపోతుంది. నేను కంగారుపడి వెనిగర్‌తో రుద్దాను, తర్వాత గిన్నెల సబ్బుతో. సోఫా రంగంతా గుడ్డకొచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో పెద్ద ముక్క కోసేశారు. రాత్రి షిఫ్టులు చేసి దాచుకున్న డబ్బది.

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా సంగతులు మీకు పదిమంది చెబుతారు. సోఫా సంగతి ఎవరూ చెప్పరు.

సీసాలో నూనె కంటే తలలో నూనె ఎక్కువ చేటు. రోజూ కొంచెం కొంచెం అంటుకుంటుంది కాబట్టి మచ్చ కనబడేసరికి ఆలస్యమైపోతుంది. చెమట కూడా అంతే. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉండటానికి వస్తారు. అమ్మను తలకు నూనె పెట్టుకోవద్దని అనకండి, ఆ మాట ఆమెకు కష్టంగా ఉంటుంది. తల ఆనించే చోట, చేతులు పెట్టే చోట తువ్వాలు పరచండి, వారానికోసారి ఉతకండి. ఇంత చిన్న పనికి బద్ధకిస్తే నేనేం చేయగలను?

నూనె అప్పుడే పడితే రుద్దొద్దు. పొడి గుడ్డతో అద్ది తీసేసి, పైన కార్న్‌ఫ్లోర్ చల్లి రాత్రంతా వదిలేయండి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపండి. పాత మచ్చ మాత్రం ఇంటి వైద్యానికి లొంగదు, లెదర్ బాగుచేసేవాళ్లను పిలవాల్సిందే.

మామూలుగా శుభ్రం చేసేముందు సోఫా వెనక, కనబడని చోట ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క పైనే నిలిస్తే పూత ఉన్న తోలు. గోరువెచ్చటి నీళ్లలో తెల్ల నూలుగుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. జిడ్డుంటే లెదర్ క్లీనర్ వాడండి. చుక్క ఇంకి ఆ చోటు నల్లబడితే అది పూత లేని తోలు, మీరు తడిగుడ్డ పెట్టనే పెట్టొద్దు. బేబీ వైప్స్, బ్లీచ్ దేనికీ వద్దు. లెదర్ కండిషనర్ (తోలు ఎండిపోకుండా రాసే క్రీము) ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. పొట్టు పొట్టుగా రాలుతోందంటే అది తోలు ముక్కల పొడి అతికించి చేసిన బాండెడ్ లెదరో, రెగ్జినో అయ్యుంటుంది, దానికి మందు లేదు. ఇంట్లో చేరినరోజే సోఫా ఫోటో తీసి ఇంటి ఓనరుకు మెయిల్ పెట్టండి.

ఇంకొకటి, రేడియేటర్, అంటే గోడకుండే హీటర్. నెల్లూరులో కార్తీకం వానలకు బీరువాలో బెల్టుకు బూజు పడుతుంది, అక్కడ తేమతో తంటా. ఇక్కడ హీటర్‌కు గది గాలి పొడిబారి తోలు పగులుతుంది. వెచ్చగా ఉంటుందని సోఫాను రేడియేటర్‌కు ఆనించి వేసుకుంటారు చూడండి, అది మానండి. కనీసం రెండడుగులు జరపండి.

సరే, మరీ టెన్షన్ పడొద్దు. ఇంగ్లండ్‌లో మామూలు ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, దాన్ని ఇంటి ఓనరు 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన స్కీమ్‌లో పెట్టాలి. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు, పాత సోఫాకు కొత్త సోఫా ఖరీదు అడగకూడదు. గొడవొస్తే ఆ స్కీమ్‌వాళ్లే ఉచితంగా తేలుస్తారు. ఇవి నాకు అప్పుడు తెలియవు, మీకు ఇప్పుడు తెలిశాయి.

తమ్ముడి సోఫాకు మనిషిని మాట్లాడాం. వచ్చే నెల వాళ్లమ్మ వస్తున్నారు, నాలుగు నూలు తువ్వాళ్లు తెమ్మని చెప్పించాను. తెల్లవే తెమ్మన్నాను, కొత్త ఎర్ర తువ్వాలైతే తడి తగిలితే రంగు దిగుతుంది.