ఎదిగే వయసు, ఎదురుపడే వింత – ఆరో పాఠం: అమ్మకు ఎందుకు చెప్పలేదు?

ఎదిగే వయసు పిల్లలకు ఒక వింత ఎదురయ్యే సినిమా కథలు రాయడం గురించిన ఈ పాఠాల్లో, ఈసారి సంభాషణల గురించి రాస్తానని మాటిచ్చాను. ఆ పాఠం వచ్చే నెలకు జరుపుతున్నాను. ఐదో పాఠం అభ్యాసానికి మీరు పంపిన పేజీలు చదివాక, అందులో పడిన చిక్కు విప్పకుండా ముందుకు కదలడం నాకు సరికాదనిపించింది.

పద్నాలుగేళ్ల పాత్రకు ఒక వింత ఎదురయ్యాక జరిగే మూడు సీన్లు రాయమన్నాను. ఆత్మకూరు, కోవూరు, చీమకుర్తి, సింగరాయకొండ నుంచి పేజీలు వచ్చాయి. వింతలు చాలా బాగున్నాయి. రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాసే కుర్రాడికి నీళ్లలోంచి తన గొంతే వినిపిస్తుంది. కోసిన గ్రానైట్ రాయి లోపల చిన్నపిల్ల పాదం అచ్చు కనిపిస్తుంది. మీ ఊహకు లోటు లేదు. రెండో సీనుకు వచ్చేసరికి మాత్రం దాదాపు అందరూ ఒకే దారి పట్టారు. పిల్లవాడు ఇంటికి పరుగెత్తుతాడు. ‘నిజంగా చూశానమ్మా’ అంటాడు. అమ్మ నమ్మదు, నాన్న కసురుతాడు, స్నేహితుడు నవ్వుతాడు. మూడో సీనులో అందరినీ అక్కడికి తీసుకెళితే ఆ వింత కనిపించదు.

ఇందులో నా తప్పు ఉంది. ‘వింత తగలగానే ఇంటి మీద దాని ప్రభావం చూపించండి’ అని ఐదో పాఠంలో రాశాను. అంటే ఇంట్లో చెప్పడమని మీరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం వేరు. రోజూ అమ్మ పక్కన కూర్చుని తినే పిల్లవాడు కంచం తీసుకుని గడప దగ్గరికి వెళతాడు. ఎప్పుడూ వేయని గది తలుపుకు గడియ పడుతుంది. ప్రభావం అంటే అదీ. పాఠంలోని ఆ వాక్యాన్ని కొట్టేసి ఈ రెండూ రాసుకోండి.

పాత్రకు ఒక కోరిక, ఒక లోటు, ఒక భయం ఉండాలన్నది మళ్ళీ చెప్పను. ఈ పాఠమంతా ఆ నమ్మించే సీను గురించే.

ఆ సీను ఎందుకు వద్దంటున్నాను? టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు వింతను ముందే నమ్మి కూర్చున్నాడు. గోడమీది పోస్టరు చూసే వచ్చాడు. అతనికి తెలిసిన విషయాన్ని అమ్మకు నమ్మించడానికి మీరు ఇరవై నిమిషాలు ఖర్చు పెడితే, ఆ ఇరవై నిమిషాలూ కథ నిలబడిపోతుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ‘వింత ఉందా, లేదా’ అన్నది పెద్దవాళ్ల ప్రశ్న. ఎదిగే వయసు ప్రశ్న అది కాదు. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు మనకు మొదటిసారి ఇంట్లో చెప్పుకోలేనిది ఒకటి ఏర్పడుతుంది. శరీరంలో వచ్చిన మార్పు కావచ్చు, ఒకరి మీద ఇష్టం కావచ్చు, చేసిన తప్పు కావచ్చు. ఈ తరహా సినిమాలో వింత ఆ చెప్పుకోలేనిదానికి రూపం. దాన్ని రెండో సీనులోనే అమ్మ చేతిలో పెడితే, కథ పిల్లవాడి చేయి దాటి పెద్దవాళ్ల కథ అయిపోతుంది.

పైగా ఆ సీను మన ఇళ్లది కాదు. మీరే ఆలోచించండి. కావలిలోనో కందుకూరులోనో ఒక పిల్లవాడు ‘చెరువులోంచి ఎవరో పిలిచారు’ అంటే ఎవరు నమ్మరు? మా నాయనమ్మ అయితే నా మాట పూర్తికాకముందే నమ్మేసేది. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయ ఘాటు రాకపోతే దిష్టి గట్టిదే అనేది. మర్నాటికి మెడలో తాయెత్తు పడేది, కసుమూరు దర్గాకు మొక్కుబడి సిద్ధమయ్యేది. ఇంట్లో నమ్మకపోవడం మనకు ఆటంకం కాదు. వెంటనే నమ్మేసి, పిల్లవాడి చేతిలోంచి దాన్ని లాగేసుకోవడమే మనకు ఆటంకం. నమ్మని తల్లిదండ్రులను మీరు ఎక్కడో చూసిన సినిమాల్లోంచి తెచ్చుకున్నారు. నమ్మే నాయనమ్మను వదిలేశారు. ఆమె ఎంత బలమైన పాత్రో మీకు ఇంకా తెలియలేదు.

మంచి సినిమాలు ఈ చిక్కును ఎలా దాటాయో చూడండి. జపాన్ దర్శకుడు మియజాకి తీసిన ‘మై నైబర్ టొటోరో’ (1988)లో చిన్నపిల్ల తాను చూసింది తండ్రికి చెబుతుంది. ఆయన వాదించడు. అడవి దేవత కనిపించి ఉంటుందని చెప్పి, పిల్లలిద్దరినీ పెద్ద కర్పూర వృక్షం దగ్గరికి తీసుకెళ్లి నమస్కరిస్తాడు. నమ్మకం సంగతి అక్కడితో తేలిపోతుంది, కథ ముందుకు సాగుతుంది. ఆయనే తీసిన ‘స్పిరిటెడ్ అవే’ (2001)లో తల్లిదండ్రులు మొదటి పావుగంటలోపే పందులైపోతారు. ఇక చెప్పుకోవడానికి ఎవరున్నారు?

‘లెట్ ద రైట్ వన్ ఇన్’ (2008) నాకు అన్నిటికంటే ఇష్టం. పన్నెండేళ్ల ఆస్కర్‌ను బడిలో పిల్లలు కొడతారు. చెంప మీది గాయం గురించి తల్లి అడిగితే పడ్డానని అబద్ధం చెబుతాడు. పొరుగింటి అమ్మాయి రక్తం తాగే జీవి అని అతనికి తెలియడానికి ముందే ఆ మౌనం మొదలైంది. వింత వచ్చి మౌనాన్ని సృష్టించలేదు, ఉన్న మౌనంలోకి వచ్చి కూర్చుంది. మీ పేజీల్లో నాకు కనిపించని మెట్టు ఇదే.

మన ఇళ్లకు దగ్గరైనది ‘టర్నింగ్ రెడ్’ (2022). పదమూడేళ్ల మే అనే అమ్మాయి ఒక ఉదయం ఎర్ర పాండాగా మారిపోతుంది. తల్లికి తెలిశాక ఆమె ఆశ్చర్యపోదు. ఆ ఇంటి ఆడవాళ్లందరికీ అది జరిగింది. దాన్ని బంధించే క్రతువూ వాళ్ల దగ్గర ఉంది. ఎండుమిరపకాయలు పట్టుకున్న నాయనమ్మ ఇక్కడ ఇంకో రూపంలో ఉంది కదా! అందుకే అందులో పోరాటం అమ్మను నమ్మించడం గురించి కాదు. నమ్మిన అమ్మ ఇచ్చే పరిష్కారం తనకు కావాలా, వద్దా అన్నది మే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఒక కథను మీ ముందే అల్లుతాను. ఒంగోలు. ఎనిమిదో తరగతి చదివే వాసు. రెండేళ్ల కిందట అన్న కొత్తపట్నం సముద్రంలో మునిగిపోయాడు. అమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి వెళుతుంది, చదువుకోలేదు. అన్న సైకిలు తాళం వేసినట్టే వసారాలో ఉంది, తాళంచెవి దొరకలేదు. ఒకరోజు అటక మీద అన్న చిన్ననాటి మార్కాపురం పలక కనిపిస్తుంది. చెక్క చట్రం, మూలన చిన్న పగులు. వాసు దానికి బొగ్గూ దొండాకూ రుద్ది శుభ్రం చేస్తాడు. తెల్లారేసరికి దాని మీద బలపంతో, అన్న చేతిరాతతో: ‘సైకిలు తాళంచెవి బియ్యం డబ్బా కింద ఉంది.’

నియమం ఒకటే. రాసింది చెరిపితేనే తర్వాతి వాక్యం వస్తుంది. చెరిపింది మళ్ళీ రాదు.

వాసు అమ్మకు ఎందుకు చెప్పడు? నమ్మదని కాదు. నమ్ముతుంది, నమ్మి ఆ పలకను చెరపనివ్వదు. పెద్దకొడుకు చేతిరాతను పూజగదిలో పెట్టుకుంటుంది. ఆ వాక్యం దగ్గరే అన్న ఆగిపోతాడు. వాసుకు తర్వాతి వాక్యం కావాలి. దీన్ని నేను పై కారణం అంటాను. పాత్ర తనకు తాను చెప్పుకునే కారణం ఇది. దీని కింద ఇంకోటి ఉండాలి, అది అడుగు కారణం. ఆ రోజు అలల్లోకి ఎంత దూరం వెళ్లగలవో చూద్దామని పందెం కాసింది వాసు. ఆ సంగతి పలకకు తెలుసు. ఏదో ఒక తెల్లవారి అది రాస్తుందని వాసుకూ తెలుసు.

పై కారణం మాత్రమే ఉంటే కథ ఫస్టాఫ్‌తో అయిపోతుంది. అడుగు కారణం ఒక్కటే ఉంటే మొదటి నుంచీ బరువెక్కి, ఆ పిల్లవాడితో కలిసి నవ్వే వీలుండదు. సైకిలు తాళం తీసి, తుప్పు పట్టిన గొలుసుకు కొబ్బరినూనె వేసి, అన్న చెప్పిన సందులన్నీ తిరిగే వాసు ఆనందం మనకు కావాలి.

నేను ఎప్పుడూ ముందు ఇంటర్వెల్ రాసుకుంటాను. పాత క్యాలెండరు కాగితం వెనక, మధ్యలో ఒక్క వాక్యం. ఈ కథకు అది దానంతట అదే వచ్చింది. అమ్మ పలక చూస్తుంది. చదవడం రాదు, కానీ ఆ చేతిరాతను గుర్తుపడుతుంది. బడిలో వేసిన రోజు ఆ పలక కొన్నది తనే కదా. వాసు వైపు తిప్పి, ‘ఏమని రాశాడు? చదువు’ అంటుంది. పలక మీద ‘ఆ రోజు పందెం కాసింది నువ్వే’ అని ఉంది. వాసు చదువుతాడు: ‘అమ్మా, అన్నం తిన్నావా?’

ఇంటర్వెల్.

సెకండాఫ్‌లో అమ్మ రోజూ పని నుంచి వచ్చి చేతులు కడుక్కుని కూర్చుంటుంది, రోజూ చదవమంటుంది. చెరపనివ్వదు కాబట్టి పలక మీద ఆ ఒక్క వాక్యమే ఉంటుంది. కొడుకు ఒకే పలక మీద ఇన్ని మాటలు ఎలా రాశాడని ఆమె అడగదు. ఎందుకు అడగదో నేను రాయను, మీరే ఆలోచించండి. వాసు అన్న మాటలను తానే అల్లుతూ పోతాడు. చివరికి ఉన్న వాక్యం ఉన్నట్టు చదవడమే అతను చేయాల్సిన పని. పొగ, తెల్లచీర, ఉరుములు ఈ కథకు అక్కర్లేదు. ఏ కథకూ అక్కర్లేదనే నేను అంటాను.

మీ పేజీల్లో ఒకటి మాత్రం ఈ దారికి చాలా దగ్గరగా వచ్చింది. నెల్లూరు రొట్టెల పండుగ నేపథ్యం. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి అమ్మాయి, చదువు కోసం కోరుకునే విద్య రొట్టె తీసుకుంటుంది. కోరిక తీరితే మరుసటి ఏడాది వచ్చి రొట్టె ఇవ్వాలి. నియమం పండుగలోనే సిద్ధంగా ఉంది. రచయిత్రి తర్వాతి సీనులో ఆ అమ్మాయి చేత అమ్మకు అంతా చెప్పించేసింది. ఒక్క మార్పు చేయండి. పక్కనే నిలబడిన అమ్మకు వినిపించేలా చదువు కోరుకుంటుంది, మనసులో వేరేది కోరుకుంటుంది. మనసులోదే తీరుతుంది. ఏడాది తిరిగేసరికి, ఏ రొట్టె తిరిగి ఇస్తున్నావని అమ్మ అడుగుతుంది.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. పది రోజులు తీసుకోండి. మొదట మీ పాత కథకు పై కారణం, అడుగు కారణం ఒక్కో వాక్యంలో రాయండి. ‘నమ్మరు’ అన్న మాట రెండింటిలోనూ ఉండకూడదు. తర్వాత రాత్రి భోజనాల సీను ఒకటి, మూడు పేజీలు. ఇంట్లో నలుగురు ఉండాలి, నాయనమ్మ తప్పనిసరి. వింత ఆ ఇంటి కప్పు కిందే ఎక్కడో ఉండాలి. దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. అమ్మ మూడుసార్లు అడగబోయి ఆగాలి, ఆగిన ప్రతిసారీ చేతిలోని పని మారాలి. అదే సీనును నాయనమ్మ వైపు నుంచి మళ్ళీ రాయండి. ఆమెకు అంతా తెలుసు, పిల్లవాడి కోసం ఊరుకుంది. రెండూ పంపండి. ఒక్కటే పంపితే చదవను. కిందటిసారి మూడు సీన్లూ నమ్మించడానికే వాడినవాళ్లు వాటిని దిద్దవద్దు, పక్కన పెట్టి కొత్త కాగితం తీసుకోండి.