హామ్‌స్టర్‌కి కేజ్ చివర్లో కొనండి, ముందు వీల్, బెడ్డింగ్ సంగతి చూడండి

పిల్లలు అడిగారనో, ఫోన్లో వీడియోలు చూసి ముచ్చటపడో హామ్‌స్టర్ (ఎలుక లాంటి చిన్న పెంపుడు జంతువు) తెచ్చుకుందాం అనుకునేవాళ్ళు ఈ మధ్య బాగానే కనిపిస్తున్నారు. పెట్ షాప్‌కి వెళ్తే హామ్‌స్టర్‌తో పాటు ఒక రంగురంగుల చిన్న కేజ్ కూడా చూపిస్తారు, అందులో ఎక్కి పరిగెత్తడానికి బుల్లి వీల్ (చక్రం), ప్లాస్టిక్ ఇల్లు, వాటర్ బాటిల్ అన్నీ ముందే ఫిట్ చేసి ఉంటాయి, చూడ్డానికి బాగుంటుంది కాబట్టి సెట్ మొత్తం తీసుకుని ఇంటికొచ్చేస్తాం. ఆ సెట్‌లో వాటర్ బాటిల్ తప్ప హామ్‌స్టర్‌కి నిజంగా సరిపోయేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి ఆర్డర్ తిరగెయ్యమంటాను. ముందు ఏ జాతి తెస్తున్నారో తేల్చుకోండి, దాన్ని బట్టి వీల్ సైజ్ తెలుస్తుంది, తర్వాత బెడ్డింగ్, అంటే అడుగున పరిచే పొట్టు లాంటిది, ఎంత లోతు వెయ్యాలో చూసుకోండి, ఈ రెండూ తేలితే కేజ్ ఎంత ఉండాలో లెక్క దానంతటదే వచ్చేస్తుంది. ప్రాణిని అన్నిటికంటే ఆఖర్న ఇంటికి తీసుకురండి.

మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సిరియన్, దీన్నే గోల్డెన్ అనీ టెడ్డీ బేర్ అనీ పిలుస్తారు, పెద్దయ్యాక 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. రెండోది డ్వార్ఫ్, ఇందులో క్యాంప్‌బెల్, వింటర్ వైట్, రోబోరోవ్‌స్కీ అని ఉన్నాయి, ఇవి 10 సెంటీమీటర్లు దాటవు. షాప్‌లో అమ్మేది నెల వయసు పిల్లల్ని కాబట్టి సిరియన్ కూడా అరచేతిలో పట్టేంతే ఉంటుంది, ఆ సైజ్ చూసి సామాను కొంటే నెల రెండు నెలల్లో అన్నీ చిన్నవైపోతాయి.

ఇంకో మాట, "జంటగా తీసుకెళ్ళండి సార్, ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటుంది" అని షాప్ వాళ్ళు చెప్తే అస్సలు వినకండి. సిరియన్ పుట్టుకతోనే ఒంటరిగా బతికే జీవి, రెండు నెలల వయసు వచ్చేసరికి ఒకదాన్నొకటి కొరుక్కుని రక్తాలు కార్చుకుంటాయి, చచ్చిపోయేదాకా కూడా వెళ్తుంది. ఆడా మగా కలిపి ఇచ్చారంటే ఇంకా కష్టం, కడుపుతో ఉండేది 16 రోజులే, మీరు తేరుకునేలోపు పిల్లలు. డ్వార్ఫ్‌లు కలిసి ఉంటాయంటారు గానీ కొత్తగా పెంచేవాళ్ళు ఆ ప్రయోగం చెయ్యకపోవడమే మంచిది. ఒక కేజ్‌కి ఒక్కటే హామ్‌స్టర్.

ఇక వీల్ దగ్గరికొద్దాం. వీల్ అంటే ఆటబొమ్మ, ఉంటే ఉంది లేకపోతే లేదు అనుకోకండి. బయట తిరిగి గింజలు పోగుచేసుకునే జంతువు ఇది, ఆ పరుగంతా పెట్టెలో ఎక్కడ తీర్చుకుంటుంది చెప్పండి. కేజ్‌లో పడేశాం కాబట్టి పిచ్చెక్కి వీల్ తిప్పుతుందేమో అని కొందరికి అనుమానం, కానీ నెదర్లాండ్స్‌లో ఇద్దరు పరిశోధకులు బయట అడవి ఎలుకలు తిరిగే చోట ఊరికే ఒక వీల్ పెట్టి కెమెరా బిగిస్తే, ఎవరూ బంధించని ఎలుకలు కూడా వాటంతట అవే ఎక్కి పరిగెత్తాయి, అది 2014లో పబ్లిష్ అయింది. అంటే వీల్ మీద పరుగు వాటికి నిజంగానే ఇష్టం.

సైజ్ విషయంలో మాత్రం రాజీ పడకండి. సిరియన్‌కి అడ్డంగా 28 సెంటీమీటర్లు, అంటే 11 అంగుళాలు, డ్వార్ఫ్‌కి 20 సెంటీమీటర్లు, అంటే 8 అంగుళాలు. సెట్‌తో వచ్చే వీల్ చాలాసార్లు 5 అంగుళాలే ఉంటుంది. సరిపోయిందో లేదో పట్టుకోవడం తేలికే, హామ్‌స్టర్ పరిగెడుతున్నప్పుడు పక్కనుంచి చూడండి, వీపు తిన్నగా నేలలాగా ఉంటే సైజ్ కరెక్ట్, తల పైకెత్తి నడుం వెనక్కి వంగి కనిపిస్తే వీల్ చిన్నది. రోజూ రాత్రంతా అలా వంగి పరిగెడితే వెన్నెముక మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి. రెండోది, పరిగెత్తే చోట మొత్తం మూసి ఉండాలి, నిచ్చెన మెట్లలా కడ్డీలు ఉన్న ఇనప వీల్ వద్దు, వల లాంటిదీ వద్దు, కాలు సందులో ఇరుక్కుని విరిగిన కేసులు ఉన్నాయి, పాదాల కింద పుండ్లు పడతాయి. స్టాండ్‌కీ చక్రానికీ మధ్య కత్తెరలాగా కదిలే సందు ఉంటే అదీ ప్రమాదమే. బేరింగ్ ఉన్న వీల్ కాస్త రేటెక్కువైనా అదే తీసుకోండి, చప్పుడు చెయ్యదు, లేకపోతే రాత్రి పన్నెండింటికి కిర్రుకిర్రుమంటుంటే విసుగొచ్చి వీల్ తీసి పక్కన పెట్టేస్తారు, అలా చేసిన ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఇరుసు దగ్గర ఒక్క చుక్క కొబ్బరినూనె వేస్తే కూడా చప్పుడు తగ్గుతుంది. హామ్‌స్టర్‌ని లోపల పెట్టి మూత బిగించి ఇల్లంతా దొర్లించే ప్లాస్టిక్ బంతి మాత్రం ఎవరు గిఫ్ట్ ఇచ్చినా వాడకండి, అందులో గాలి ఆడదు, దారి కనపడదు, ఆగుదామంటే ఆగలేదు.

బెడ్డింగ్ గురించి కొంచెం ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. ఈ రోజు పెంపుడు సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రవేత్త సిరియాలో అలెప్పో దగ్గర పొలంలో తవ్వించి పట్టుకున్న ఒక తల్లీపిల్లల సంతతే. పొలంలో బొరియలు తవ్వుకుని బతికే జంతువు. అక్కడి పొలాల్లో వాటి బొరియలు కొలిచిన వాళ్ళు 2001లో రాసిన లెక్క ప్రకారం లోతు 36 నుంచి 106 సెంటీమీటర్ల దాకా ఉంది. అలాంటిదానికి మనం అంగుళం మందాన పొట్టు చల్లి ఇదే నీ ఇల్లు అంటున్నాం. స్విట్జర్లాండ్‌లో ఒక స్టడీ చేశారు, 2006లో వచ్చింది, కొన్ని హామ్‌స్టర్లకి 10 సెంటీమీటర్లు, కొన్నిటికి 40, కొన్నిటికి 80 సెంటీమీటర్ల లోతు బెడ్డింగ్ ఇచ్చి చూశారు. 10 సెంటీమీటర్ల వాటిలో కేజ్ కడ్డీలు కొరకడం బాగా ఎక్కువ, 80 ఉన్నవాటిలో కొరకడం ఒక్కసారి కూడా కనపడలేదు. కడ్డీలు కొరికితే "పళ్ళు అరగదీసుకుంటోంది" అని మనవాళ్ళు సర్దిచెప్పుకుంటారు గానీ అది బయటికి పోవాలన్న తపన. ఇంట్లో 80 పెట్టడం అందరివల్లా కాదు, కనీసం 20, 25 సెంటీమీటర్లు, అంటే 8 నుంచి 10 అంగుళాలు కేజ్‌లో సగం పైన అయినా ఉండేలా చూడండి, ఎక్కువైతే ఇంకా సంతోషం.

దేంతో వెయ్యాలి అంటే, కాగితం గుజ్జుతో చేసిన పేపర్ బెడ్డింగ్ అన్నిటికంటే సేఫ్, మెత్తగా ఉంటుంది, తడి పీలుస్తుంది, తవ్విన సొరంగం కూలకుండా నిలబడుతుంది. ఆస్పెన్ చెక్క పొట్టు దొరికితే అదీ మంచిదే. దేవదారు లాంటి ఘాటు వాసనొచ్చే చెక్క పొట్టు వద్దు, ఆ వాసన నూనెలు ఊపిరితిత్తులకి పడవు, పచ్చి పైన్ కూడా అంతే. వడ్రంగి షాప్‌లో రంపపు పొట్టు ఫ్రీగా ఇస్తారని తెచ్చెయ్యకండి, అందులో సగం ప్లైవుడ్ ధూళి, జిగురు, వార్నిష్ ఉంటాయి. వరి ఊక మన ఊళ్ళల్లో కోళ్ళ ఫారాల్లో వేస్తారు కాబట్టి ఇక్కడ కూడా పనికొస్తుందనిపిస్తుంది, కానీ గరుకు, మొనలు గుచ్చుకుంటాయి, దుమ్ము ఎక్కువ, సొరంగం అస్సలు నిలవదు. కొబ్బరి పీచు పొడి ఎండితే దుమ్ము, తడిస్తే బూజు. మొక్కజొన్న కంకి ముక్కలు కూడా తడికి బూజు పడతాయి. సెంటు వాసన కలిపిన బెడ్డింగ్ మనకి హాయిగా ఉంటుందేమో గానీ ముక్కుతోనే లోకాన్ని తెలుసుకునే జంతువుకి అది చాలా ఇబ్బంది.

గూడు కోసం దూది, ఊలు, పాత చీర పేలికలు పెట్టొద్దు. దారాలు కాలికి చుట్టుకుని రక్తం ఆడక కాలు పోతుంది, తిండి దాచుకునే బుగ్గ సంచుల్లో కుక్కుకుంటే అక్కడే అతుక్కుపోతుంది. రంగు, సెంటు లేని మామూలు టిష్యూ పేపర్ చింపి ఇవ్వండి చాలు, అదే ఒక్కో ముక్కా బుగ్గల్లో పెట్టుకుని లోపలికి మోసుకెళ్తుంది.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. కేజ్‌గా 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ఫిష్ ట్యాంక్ వాడితే (ఎందుకో కింద చెప్తాను) అందులో సగటున 20 సెంటీమీటర్లు నింపాలంటే దాదాపు 110 లీటర్ల బెడ్డింగ్ పడుతుంది. ఆన్‌లైన్‌లో ప్యాకెట్ మీద లీటర్లు ఎంత రాశారో చూసుకుని కొనండి, కేజీలు చూస్తే లెక్క తెలీదు. ఒకేసారి అంత కొనలేకపోతే పేపర్ బెడ్డింగ్‌లో మధ్య మధ్య టిష్యూ ముక్కలు, కుందేళ్ళకి అమ్మే టిమోతీ గడ్డి పొరలు పొరలుగా వేసి చేత్తో అదమండి, గడ్డి కలిస్తే సొరంగాలు ఇంకా గట్టిగా నిలబడతాయి. పైగా ఇది మొదటిసారి ఖర్చే, నెలనెలా మొత్తం మార్చక్కర్లేదు.

ఇప్పుడు కేజ్. జర్మనీలో జంతు సంక్షేమం చూసే పశువైద్యుల సంఘం సిరియన్‌కి కనీసం 100 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 ఎత్తు ఉండాలంటుంది. షాప్‌లో దొరికే సెట్‌లు దీనికి దగ్గర్లో కూడా ఉండవు, అంతస్తులు అంతస్తులుగా కట్టి పెద్దదిగా చూపిస్తారంతే. హామ్‌స్టర్‌కి ఎత్తు కంటే నేల ముఖ్యం, దానికి చూపు అంతంతమాత్రం, పైఅంతస్తు అంచు తెలీక కింద పడి దెబ్బలు తగిలించుకుంటుంది.

మన ఊళ్ళల్లో నాకు బెస్ట్ అనిపించేది ఫిష్ ట్యాంక్. అక్వేరియం చేసే షాప్‌లో అడిగితే మీరు చెప్పిన కొలతకి చేసిస్తారు, లేదా లీక్ అవుతోందని పక్కన పడేసిన పాత ట్యాంక్ అడగండి, మనం నీళ్ళు పొయ్యం కదా, బేరమాడితే చాలా తక్కువకి వచ్చేస్తుంది, పగుళ్ళు మాత్రం చూసుకోండి. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుందాం, జర్మనీ వాళ్ళ కొలత కంటే వెడల్పు, ఎత్తు కాస్త తగ్గినా పొడవు ఎక్కువ కాబట్టి నేల మొత్తం మీద ఎక్కువే వస్తుంది. ఎత్తు 45 సెంటీమీటర్లు, వీల్ స్టాండ్‌తో కలిపి 30 అవుతుంది, 25 సెంటీమీటర్ల బెడ్డింగ్ మీద పెడితే మూతకి తగులుతుంది. అందుకని ఒక పక్క 10 సెంటీమీటర్లే వేసి వీల్ అటు పెట్టండి, రెండో పక్కకి పోనుపోను పెంచుతూ 30 దాకా పొయ్యండి. వీల్‌ని బెడ్డింగ్ మీద ఊరికే నిలబెడితే కింద తవ్వినప్పుడు కూలి దానిమీదే పడుతుంది, చిన్న చెక్క పీట ట్యాంక్ అడుగుకి ఆనేలా పెట్టి దానిమీద వీల్ ఉంచండి. బరువైన సామాను ఏదైనా ఇలాగే పెట్టాలి. పైన మూత గాజుది వద్దు, చెక్క ఫ్రేమ్‌కి జాలీ కొట్టించండి, గాలి ఆడాలి, బల్లులు రాకూడదు, అన్నిటికంటే హామ్‌స్టర్ బయటికి పోకూడదు.

కడ్డీల కేజే కావాలంటే అడుగు ట్రే లోతుగా ఉన్నది చూడండి, కడ్డీల మధ్య సందు సిరియన్‌కి అరంగుళం లోపు, డ్వార్ఫ్‌కి సెంటీమీటర్ కంటే తక్కువ ఉండాలి. తల పట్టిందంటే ఒళ్ళంతా పడుతుంది. ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బాకి కిటికీలు కోసి జాలీ బిగించి కూడా వాడతారు, డ్వార్ఫ్‌కి అయినా దొరికే వాటిల్లో అన్నిటికంటే పెద్దది తీసుకోవాలి.

లోపల ఒక మూల ఇసుక పళ్ళెం పెట్టండి, ఒళ్ళు శుభ్రం చేసుకునేది దాంట్లోనే, నీళ్ళతో స్నానం అస్సలు చేయించకూడదు. చించిల్లా డస్ట్ అని పౌడర్‌లా ఉండేది, కాల్షియం ఇసుక రెండూ వద్దు. నది ఇసుక తెచ్చి, మెత్తటి మట్టి పోయేదాకా కడిగి, జల్లెడ పట్టి, పాత మూకుడులో బాగా వేయించి పూర్తిగా చల్లారాక వాడొచ్చు. దాక్కోవడానికి గరుకు తీసేసిన కొబ్బరి చిప్ప, చిన్న మట్టి కుండ పక్కకి పడుకోబెట్టి పెడితే చాలు, కుండ ఎండల్లో చల్లగా కూడా ఉంటుంది.

ఎండలంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం గట్టిగానే చెప్పాలి. హామ్‌స్టర్‌కి హాయిగా ఉండేది 20 నుంచి 24 డిగ్రీలు, 30 దాటితే ప్రాణం మీదకొస్తుంది. మే నెలలో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల 44, 45 కొడుతుంది, గాజు ట్యాంక్ లోపల ఉక్క ఇంకా ఎక్కువ. ఇంట్లో ఏసీ గానీ, మధ్యాహ్నం కూడా నిజంగా చల్లగా ఉండే గది గానీ లేకపోతే దయచేసి హామ్‌స్టర్ తెచ్చుకోవద్దు. ఉన్నా కరెంట్ పోయినప్పటి కోసం ఫ్రిజ్‌లో ఒక సెరామిక్ టైల్, గడ్డకట్టిన నీళ్ళ బాటిల్ రెడీగా ఉంచండి, టైల్ లోపల పెట్టండి, బాటిల్‌ని గుడ్డ చుట్టి ట్యాంక్ బయట గోడకి ఆనించండి. ఒళ్ళు పరిచేసి పడి ఉండి, నోటి చుట్టూ తడిగా ఉంటే ఎండదెబ్బే, నెమ్మదిగా చల్లబరుస్తూ వెంటనే డాక్టర్ దగ్గరికి. కోస్తా వైపు వానాకాలంలో బెడ్డింగ్ కింద చెమ్మ చేరి బూజు పట్టొచ్చు, అడుగున చెయ్యి పెట్టి చూస్తుండండి.

చీమలు ఇంకో తలనొప్పి, దాచుకున్న గింజల కోసం వరసకట్టి వస్తాయి. చీమల చాక్‌పీస్, మందు చల్లొద్దు. టేబుల్ కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, పాతకాలం ఇళ్ళల్లో తిండి బీరువాలకి పెట్టేవాళ్ళు, ఇప్పటికీ అదే బాగా పనిచేస్తుంది. దోమల కాయిల్, అగరబత్తి పొగ, నేరుగా ఎండ, టీవీ మోత, ఇవేవీ లేని మూల చూసి ట్యాంక్ పెట్టండి.

అన్నీ సర్దాక ఒకటి రెండు రోజులు వీల్ తిరుగుతోందా, మూత గట్టిగా ఉందా చూసుకుని అప్పుడు హామ్‌స్టర్‌ని తెచ్చి వదలండి. షాప్‌లో దాని పాత పొట్టు గుప్పెడు అడిగి తెచ్చి ఇందులో కలిపితే తెలిసిన వాసన ఉంటుంది, బెదురు తగ్గుతుంది. మొదటి వారం చేత్తో ఎత్తకండి, పగలు నిద్ర లేపకండి. క్లీనింగ్ అంటే ఒంటేలు పోసే మూల మాత్రం రెండు మూడు రోజులకోసారి తీసెయ్యండి, చాలావరకు ఇసుకలోనే పోసుకుంటుంది కాబట్టి అది జల్లెడ పడితే సరిపోతుంది. నెలకో, నెలన్నరకో మూడో వంతు బెడ్డింగ్ మార్చి మిగతాది అలాగే ఉంచండి, గూడు తడవకుండా ఉంటే దాని జోలికి వెళ్ళకండి, మొత్తం ఊడ్చి కొత్తది పోస్తే దాని సొరంగాలు, వాసనలు, దాచుకున్న తిండి అన్నీ ఒక్కసారిగా పోయి చాలా కంగారు పడుతుంది.