అమెరికా కాంగ్రెస్‌లో ఒక బిల్లు ఎంతదాకా వచ్చిందో చూసుకోవడం ఎలా?

“గ్రీన్‌కార్డు బిల్లు పాసైంది, ఇక మనవాళ్లకు క్యూ ఉండదు” అన్న మెసేజ్ హైదరాబాద్ నుంచి డాలస్ దాకా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. చాలాసార్లు అందులో అబద్ధమేమీ ఉండదు. బిల్లు నిజంగానే పాసై ఉంటుంది, కాకపోతే ఒక్క సభలో. 2019లో అలాగే జరిగింది. ఆ బిల్లునే పట్టుకుని వెళ్తే అమెరికా శాసన వ్యవస్థలో వినిపించే మాటలన్నీ దారిలోనే తగులుతాయి. కావలసింది పది నిమిషాల సమయం, కాంగ్రెస్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు.

1. బిల్లు నంబరు, కాంగ్రెస్ సంఖ్య రెండూ పట్టుకోండి

హెచ్.ఆర్. అని మొదలైతే 435 మంది ఉన్న ప్రతినిధుల సభలో పుట్టిన బిల్లు. ఎస్. అని ఉంటే 100 మంది ఉన్న సెనేట్‌లో పుట్టింది. హెచ్.రెస్. లేదా ఎస్.రెస్. అని ఉంటే మాత్రం అక్కడే ఆగిపోండి. అది ఒక సభ తన మాటగా చేసే తీర్మానం, ఎన్ని ఓట్లతో గెలిచినా చట్టం కాదు. దీపావళి గురించి ప్రతినిధుల సభ 2007లో ఆమోదించినది ఆ కోవలోదే.

నంబరు ఒక్కటే సరిపోదు. ప్రతి కాంగ్రెస్ ఆయుష్షు రెండేళ్లు, బేసి సంవత్సరం జనవరి 3న కొత్తది మొదలవుతుంది, నంబర్లు మళ్లీ ఒకటి నుంచి వస్తాయి. కాబట్టి హెచ్.ఆర్. 1044 అనే బిల్లు చాలా కాంగ్రెస్‌లలో ఉంటుంది, ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం ఉండదు. ఏ కాంగ్రెసో లెక్క కట్టడం తేలికే: ఆ బేసి సంవత్సరంలోంచి 1789 తీసేసి, సగం చేసి, ఒకటి కలపండి. 2019కి 116 వస్తుంది, 2025కి 119. పాత వార్త కొత్తగా తిరుగుతున్నప్పుడు పట్టించేది ఈ లెక్కే.

2. పైన కనిపించే పట్టీ చూడండి, కానీ నమ్మేయకండి

బిల్లు పేజీ పైభాగంలో ప్రవేశపెట్టారు, ప్రతినిధుల సభలో ఆమోదం, సెనేట్‌లో ఆమోదం, అధ్యక్షుడి దగ్గరికి, చట్టమైంది అనే మెట్లు ఇంగ్లిష్‌లో వరసగా ఉంటాయి. బిల్లు ఎక్కడుందో అది చెబుతుంది, ఎందుకు ఆగిందో చెప్పదు. అందుకు ‘యాక్షన్స్’ అనే విభాగంలోకి వెళ్లి తేదీలవారీ చిట్టా చదవాలి.

మొదటి తేదీ దగ్గరే బిల్లు ఫలానా కమిటీకి వెళ్లిందని ఉంటుంది. వలస బిల్లులైతే జ్యుడీషియరీ కమిటీకి వెళ్తాయి. ఎక్కువ బిల్లుల కథ ఇక్కడే ముగుస్తుంది. ఎవరూ తిరస్కరించరు, ఛైర్మన్ చర్చకే తీసుకోరు, అంతే. కమిటీ కూర్చుని సవరణలు చేసి ఓటేస్తే దాన్ని మార్కప్ అంటారు. మార్కప్ తేదీ కనిపించకపోతే ఆ బిల్లు మీద ఆశ కాస్త తగ్గించుకోవచ్చు. కమిటీ పట్టించుకోని బిల్లును సభకు లాక్కురావడానికి ప్రతినిధుల సభలో డిశ్చార్జ్ పిటిషన్ ఉంది, దానికి 218 సంతకాలు కావాలి. సొంత పార్టీ నాయకత్వానికి ఎదురెళ్లి సంతకం పెట్టేవాళ్లు తక్కువ కాబట్టి అది అరుదుగానే నెగ్గుతుంది. బిల్లుకు కో-స్పాన్సర్లు, అంటే మద్దతుగా పేరు కలిపిన సభ్యులు, వందల్లో ఉన్నారంటే మద్దతు ఉందని అర్థమే గానీ, ఓటింగ్‌కు వస్తుందని కాదు.

3. ఏ పద్ధతిలో ఓటేశారో గమనించండి

ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చే 1,40,000 గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న పరిమితిని ఎత్తేయడానికి వచ్చింది 2019 నాటి హెచ్.ఆర్. 1044. కాలిఫోర్నియా సభ్యురాలు జో లాఫ్‌గ్రెన్ ఫిబ్రవరిలో ప్రవేశపెట్టారు. జులై 10న 365-65 ఓట్లతో ప్రతినిధుల సభ ఆమోదించింది. రెండు పార్టీల వాళ్లూ అటూ ఇటూ కలిసి ఓటేశారు. ఇది మన పార్లమెంటుకు అలవాటుపడ్డ కంటికి వింతగా ఉంటుంది. అక్కడ ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోదు. మంత్రులు సభలో కూర్చోరు, బిల్లు ఓడిపోయినా ప్రభుత్వం పడిపోదు. అందుకే ‘అధికార పార్టీ అనుకుంటే అయిపోతుంది’ అన్న మన లెక్క అక్కడ తప్పుతుంది.

ఆ ఓటు ‘సస్పెన్షన్ ఆఫ్ ది రూల్స్’ కింద జరిగింది. 40 నిమిషాల చర్చ, సభలో సవరణలకు చోటు లేదు, నెగ్గడానికి మూడింట రెండొంతులు కావాలి. అన్ని ఓట్లు రావని తెలిస్తే నాయకత్వం ఆ దారి పట్టదు.

4. సెనేట్‌లో 51 కాదు, 60 లెక్కపెట్టండి

జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సెనేట్‌లో బిల్లు నెగ్గడానికి సాధారణ మెజారిటీ చాలు, నిజమే. కానీ ఓటింగ్ దాకా రావాలంటే ముందు చర్చ ముగియాలి. చర్చను సాగదీసి అడ్డుకోవడమే ఫిలిబస్టర్. దాన్ని ఆపే ఓటు క్లోచర్, దానికి 60 మంది కావాలి. 1917లో ఈ నిబంధన వచ్చింది, 60 అన్న లెక్క 1975 నాటిది. ఇప్పుడు గంటల తరబడి నిలబడి మాట్లాడక్కర్లేదు, అడ్డుకుంటామని చెబితే చాలు. నియామకాలకు ఈ అడ్డంకి తీసేశారు: మిగతావాటికి 2013లో, సుప్రీంకోర్టు జడ్జీలకు 2017లో. మామూలు బిల్లులకు అలాగే ఉంది.

60 దాటకుండా వెళ్లే దారులు రెండు. మొదటిది బడ్జెట్ అంశాలకున్న ప్రత్యేక పద్ధతి, బడ్జెట్ రికన్సిలియేషన్. అందులో సాధారణ మెజారిటీ చాలు. అయితే ఆదాయవ్యయాలతో నేరుగా సంబంధం లేని అంశాలు బర్డ్ రూల్ కింద ఎగిరిపోతాయి. వలసదారులకు ఊరటనిచ్చే క్లాజులను 2021లో ఈ దారిలో చేర్చాలని చూస్తే సెనేట్‌కు నిబంధనలపై సలహా ఇచ్చే అధికారి, అంటే పార్లమెంటేరియన్, మూడుసార్లు కుదరదన్నారు. రెండోది ఏకగ్రీవ సమ్మతి. ఒక్క సెనేటర్ లేచి అభ్యంతరం చెప్పినా అది ఆగిపోతుంది. హెచ్.ఆర్. 1044కు జంటగా సెనేట్‌లో ఎస్. 386 పెట్టారు. దాన్ని సమ్మతితో దాటించబోతే రాండ్ పాల్, డిక్ డర్బిన్ వంటి సెనేటర్లు వేర్వేరు కారణాలతో అడ్డుపడ్డారు. ఒక్కొక్కరినీ ఒప్పించేసరికి 2020 డిసెంబర్ 2 వచ్చింది. ఆ రోజు సెనేట్ కూడా ఆమోదించింది. గ్రూపుల్లో మిఠాయిలు పంచుకున్నారు.

5. రెండు సభలు ఆమోదించిన బిల్లు పాఠం ఒక్కటేనా?

కాదు. సెనేట్ ఆమోదించిన పాఠంలో చైనా కమ్యూనిస్టు పార్టీతో సంబంధమున్నవారిపై ఆంక్షల్లాంటి కొత్త క్లాజులు చేరాయి. రెండు సభలూ అక్షరం పొల్లుపోకుండా ఒకే పాఠాన్ని ఆమోదిస్తేనే అధ్యక్షుడి దగ్గరికి వెళ్తుంది. మనకున్నట్టు సంయుక్త సమావేశం పెట్టి తేల్చుకునే వీలు అక్కడ లేదు. రెండు సభల సభ్యులతో కాన్ఫరెన్స్ కమిటీ కూర్చోవాలి, లేదా ఒక సభ రెండోదాని పాఠానికి ఒప్పుకోవాలి. అది జరిగేలోపే 2021 జనవరి 3 వచ్చింది, 116వ కాంగ్రెస్ ముగిసింది, బిల్లు మురిగిపోయింది. మన రాజ్యసభలో పెండింగ్ బిల్లు లోక్‌సభ రద్దయినా బతికి ఉండొచ్చు గానీ, సెనేట్‌లో ఆ వెసులుబాటు లేదు. తర్వాతి కాంగ్రెస్‌లో ఈగిల్ యాక్ట్ పేరుతో హెచ్.ఆర్. 3648గా అదే ఆలోచన మళ్లీ వచ్చి, 2022 డిసెంబర్‌లో సభ ఓటింగ్‌కు ముందే వెనక్కి తగ్గింది.

పాఠాలను పోల్చాలంటే ‘టెక్స్ట్’ విభాగంలో ప్రవేశపెట్టినది, సభ ఆమోదించినది, రెండు సభల్లో నెగ్గాక ఖరారు చేసినది విడివిడిగా దొరుకుతాయి. ‘రిలేటెడ్ బిల్స్’ కూడా తెరవండి. మురిగిపోయిందనుకున్న అంశం రక్షణ బిల్లు లాంటి పెద్ద బిల్లులో ఒక సెక్షన్‌గా దూరడం అక్కడ మామూలే.

6. అధ్యక్షుడి బల్ల మీద

ఆదివారాలు తీసేసి 10 రోజుల గడువు. సంతకం చేస్తే చట్టం. చేయకుండా కూర్చున్నా, కాంగ్రెస్ సమావేశాల్లో ఉంటే చట్టమే. ఆ గడువులోపు కాంగ్రెస్ వాయిదా పడి, సంతకం కాకపోతే బిల్లు పోయినట్టే, దాన్నే పాకెట్ వీటో అంటారు. మామూలు వీటోను రెండు సభలూ మూడింట రెండొంతుల ఓట్లతో తోసిపుచ్చవచ్చు. చట్టమైతే పేజీలో ‘పబ్లిక్ లా’ అని, కాంగ్రెస్ సంఖ్యతో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు చూశాకే నలుగురికీ పంపండి. అప్పుడు కూడా ఎప్పటి నుంచి అమలో చట్టం లోపల వెతకాలి. సంతకమైన రోజూ అమలు తేదీ ఒకటే కానక్కర్లేదు.

7. అసలది బిల్లేనా?

ఎంత వెతికినా కాంగ్రెస్ డాట్ గవ్‌లో దొరకకపోతే, అది కాంగ్రెస్ పనే కాకపోవచ్చు. హెచ్-4 వీసా మీదున్న, హెచ్-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో కొందరికి పని అనుమతి వచ్చింది చట్టంతో కాదు, హోంలాండ్ సెక్యూరిటీ శాఖ జారీ చేసిన నిబంధనతో. 2015 మే 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. శాఖలు ఇలాంటి నిబంధన ముసాయిదాను సాధారణంగా ముందు అక్కడి ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రచురించి, ప్రజాభిప్రాయాలు తీసుకున్నాకే ఖరారు చేస్తాయి. ఆ గడువులో ఎవరైనా అభిప్రాయం రాయొచ్చు, పౌరులే కానక్కర్లేదు. కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న 2025 సెప్టెంబర్ 19 నాటి ఆదేశం ఇంకో రకం. అది అధ్యక్షుడు తానుగా జారీ చేసే ప్రొక్లమేషన్, దానికి సభల్లో ఓటింగ్ లేదు. దాన్ని సవాలు చేసేది కోర్టుల్లోనే. ఈ రెండు రకాలనూ ఫెడరల్ రిజిస్టర్‌లోనే వెతకాలి.