మీ తలుపుకి ఎన్ని తాళంచెవులు ఉన్నాయి? సమస్య - కారణం - పరిష్కారం

గట్టి తాళం కావాలని వచ్చేవాళ్ళు ముందు దాని బరువు చూస్తారు. చేతిలో ఎత్తి పట్టుకుని, బాగుందని తృప్తి పడతారు. తాళాలు బిగించే పనిలో ఉన్నవాడిగా నేను మాత్రం వాళ్ళని ముందు ఒకటే అడుగుతాను: ఇప్పుడున్న తాళానికి ఎన్ని చెవులు ఉన్నాయి, ఎవరెవరి దగ్గర ఉన్నాయి? చాలామంది వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతారు. అసలు సమస్య అక్కడే ఉంది, అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

సమస్య: తాళంచెవుల లెక్క తేలడం లేదు

ఒక చిన్న ఆఫీసులో తాళం మార్చడానికి వెళ్ళినప్పుడు, మొత్తం నాలుగే తాళంచెవులు ఉన్నాయని చెప్పారు. అందర్నీ తమ దగ్గరున్నవి తెచ్చి బల్ల మీద పెట్టమన్నాను. తొమ్మిది వచ్చాయి. మూడింటి మీద తాళం కంపెనీ పేరు ఉంది. మిగతా ఆరూ మారుతాళాలు: కొన్ని ఇత్తడివి, కొన్ని తెల్లగా మెరిసేవి. కంపెనీ ఇచ్చిన నాలుగో తాళంచెవి మాత్రం ఆ బల్ల మీదికి రానేలేదు. వాళ్ళలో ఎవరూ దొంగ కాదు. ఒకరు పొద్దున్నే రావాలని చేయించుకున్నారు, ఇంకొకరు ఇంట్లో మర్చిపోయిన రోజున చేయించుకున్నారు.

దీనికి కారణం మామూలు తాళంచెవి కాపీ చేయడం చాలా సులువు కావడమే. మెషీన్‌కి ఒక పక్క అసలు కీ, ఇంకో పక్క గాట్లు లేని బ్లాంక్ బిగిస్తారు. ఒక కొన అసలు గాట్ల మీద జారుతుంటే, పక్కనున్న చక్రం బ్లాంక్‌ని అదే లోతుకి కోసేస్తుంది. కొద్ది నిమిషాల పని. కాపీ అయినట్టు అసలు కీ మీద ఏ గుర్తూ మిగలదు. అందుకే ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు రెండు తాళంచెవులూ తిరిగి ఇచ్చారన్న ధీమా పనికిరాదు.

లెక్క తేలనప్పుడు, పోయిన చెవి కోసం వెతకడం మానేసి పాత చెవులన్నీ పనిచేయకుండా చేయాలి. దానికి తాళం మొత్తం పీకక్కర్లేదు. పిన్ సిలిండర్ తాళం లోపల, కీ గాట్లని బట్టి పైకి లేచే చిన్న పిన్నులు ఉంటాయి. వాటిని మార్చి కొత్త కీకి సరిపెట్టవచ్చు. దీన్నే రీకీయింగ్ అంటారు. యూరో సిలిండర్ (తలుపుకి రెండువైపులా కొనలు కనిపించే, కీ దూరే విడి ముక్క) అయితే తలుపు అంచున దాని మధ్యకి దిగే పొడవాటి స్క్రూ ఉంటుంది. అది విప్పి, కీ పెట్టి కొద్దిగా అటూ ఇటూ తిప్పితే ఒకచోట సిలిండర్ బయటికి జారుతుంది. కొత్తది కొనేముందు ఆ స్క్రూ రంధ్రం మధ్య నుంచి బయటి కొన వరకు ఎంత, లోపలి కొన వరకు ఎంత అన్నది విడివిడిగా మిల్లీమీటర్లలో రాసుకోండి. మొత్తం పొడవు ఒక్కటే చెప్పి కొంటే తేడా వస్తుంది.

ఆ తర్వాత ఒక నోటుబుక్కు పెట్టండి. ప్రతి చెవికీ ఒక నంబరు. ఎవరికి ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, సంతకం, తిరిగొచ్చిన తేదీ. చెవి మీద మాత్రం తలుపు నంబరు, చిరునామా రాయకండి. దారిలో పడిపోతే దొరికినవాళ్ళకి మనమే దారి చూపించినట్టవుతుంది.

సమస్య: "డూప్లికేట్ చేయరాదు" అని చెక్కి ఉన్నా కాపీ అయింది

ఆ అక్షరాలు మెషీన్‌ని ఆపవు. కీ చేసేవాళ్ళలో కొందరు ఆ మాట పాటిస్తారు, కొందరు పట్టించుకోరు. కాపీని నిజంగా ఆపేది బ్లాంక్ దొరకకపోవడమే.

హై సెక్యూరిటీ తాళాలకి ఎక్కువ డబ్బు పెట్టేది ముఖ్యంగా ఇందుకే. పేటెంట్ ఉన్న తాళంచెవి బ్లాంకుని కంపెనీ తన అధీకృత డీలర్లకే ఇస్తుంది. తాళంతో పాటు ఒక కార్డు వస్తుంది. అది చూపించి, సంతకం పెడితేనే ఇంకో చెవి చేసిస్తారు. అయితే పేటెంట్ శాశ్వతం కాదు. సాధారణంగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు. గడువు తీరాక వేరేవాళ్ళు కూడా ఆ బ్లాంక్ చేసి అమ్ముకోవచ్చు. అందుకని డబ్బా మీద "పేటెంటెడ్" అన్న మాట చూసి ఊరుకోకుండా, ఏ సంవత్సరం వరకు ఉందో అడగండి. ఇంకో రెండేళ్ళలో అయిపోయేదైతే నేను కొనను.

లోపలి పనితనం కూడా తెలుసుకోవాలి. 1968లో అమెరికాలో మొదలైన మెడెకో తాళంలో పిన్నులు సరైన ఎత్తుకి లేస్తే చాలదు, సరైన కోణానికి తిరగాలి కూడా. ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ 1907లో కనిపెట్టిన డిస్క్ తాళం నుంచి వచ్చిన అబ్లాయ్‌లో స్ప్రింగు పిన్నులే ఉండవు, గుండ్రటి బిళ్ళలు తిరుగుతాయి. ఈ మధ్య వచ్చే కొన్ని తాళంచెవుల్లో కదిలే చిన్న ముక్కో, అయస్కాంతమో ఉంటుంది. మామూలు మెషీన్ అలాంటిదాన్ని కోయజాలదు.

ఒక పొరపాటు చాలాచోట్ల చూస్తుంటాను. తాళంచెవికి గాట్ల బదులు గుంటలు ఉంటే అది హై సెక్యూరిటీ అనుకుంటారు. అలాంటి గుంటల కీలలో చాలావాటికి బ్లాంకులు బజార్లో మామూలుగా దొరుకుతాయి. తేల్చుకోవడం సులువే: ఆ కీ తీసుకెళ్ళి ఇద్దరు ముగ్గురు కీ చేసేవాళ్ళని కాపీ కావాలని అడగండి. కొక్కేనికి వేలాడుతున్న గుత్తిలోంచి బ్లాంక్ తీశారంటే మీకు జవాబు దొరికినట్టే.

స్టాండర్డ్ చూసేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. అమెరికా ప్రమాణం ఏ156.30 తాళంచెవి నియంత్రణకి, పగలగొట్టడాన్ని తట్టుకోవడానికి, గుట్టుగా తెరవడాన్ని తట్టుకోవడానికి విడివిడిగా గ్రేడు ఇస్తుంది. డ్రిల్లుకి లొంగని తాళం కాపీకి కూడా లొంగదని అనుకోకండి.

ఇక ఆ కార్డుని తాళంచెవుల గుత్తితో కలిపి పెట్టకండి. రెండూ ఒకే బ్యాగులో పోతే సిలిండర్ మార్చాల్సిందే.

సమస్య: మారుతాళం పట్టి పట్టి తిరుగుతోంది

చాలాసార్లు అది కాపీకి కాపీ. గాటుకీ గాటుకీ లోతులో తేడా చాలా తక్కువ. ష్లేగ్ కంపెనీ మామూలు తాళంచెవుల్లో ఒక్కో మెట్టు 0.38 మిల్లీమీటర్లు మాత్రమే. ప్రతి కాపీలో కొంచెం తప్పు చేరుతూ పోతే రెండు మూడు తరాలకి పిన్ను తన చోట నిలవదు. కొత్తది ఎప్పుడూ కంపెనీ ఇచ్చిన అసలు కీ నుంచి, వీలైతే దాని కోడ్ నంబరుతో చేయించండి. ఒక అసలు కీని వాడకుండా దాచిపెట్టుకోవడం మంచిది.

అసలు కీ కూడా పట్టేస్తుంటే లోపల దుమ్ము చేరి ఉండొచ్చు. కొబ్బరినూనె, మెషీన్ నూనె పోయకండి, దుమ్ము ముద్దకట్టి ఇంకా బిగుస్తుంది. కొద్దిగా గ్రాఫైట్ పొడి చాలు.

సమస్య: సిలిండర్ తలుపు మీది ప్లేటు దాటి బయటికి పొడుచుకొచ్చింది

ఇది చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. యూరో సిలిండర్‌లో స్క్రూ రంధ్రం, తిరిగే నాలుక రెండూ మధ్యలోనే ఉంటాయి. అక్కడ లోహం సన్నగా ఉంటుంది కాబట్టి బయటి కొన దొరకబుచ్చుకుంటే విరిచేయవచ్చు. సిలిండర్ ప్లేటు మీదికి 3 మిల్లీమీటర్లకి మించి రాకూడదు. సరైన కొలతది, యాంటీ స్నాప్ రకం వేయించండి. అది విరిగినా ముందరి ముక్కే విరుగుతుంది, తాళం నిలుస్తుంది. అలాగే గడియ దిగే ప్లేటుకి చిన్న స్క్రూలు ఉంటే తీసి, ద్వారబంధం దాటి గోడలోకి దిగే 75 మిల్లీమీటర్లవి వేయండి. చాలా ఇళ్ళలో తాళం బాగానే ఉంటుంది, దాన్ని పట్టుకున్న చెక్కే బలహీనం.

సమస్య: తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు, ఫొటో మాత్రం పెట్టాం

కొత్త ఇంటి సంతోషంలో కీ పట్టుకుని ఫొటో దిగుతారు. 2008లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 195 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో గాట్ల లోతులు రాబట్టి చూపించారు. అమెరికా విమానాశ్రయాల్లో సామాను తెరిచే మాస్టర్ కీల ఫొటో 2014లో పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాదికల్లా వాటిని త్రీడీ ప్రింటర్‌లో చేసుకునే ఫైళ్ళు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఫొటో పెట్టేసి ఉంటే తీసేయండి, తాళం రీకీ చేయించండి.

సమస్య: ఇంట్లోంచి బయటికి రావడానికి కూడా తాళంచెవి కావాలి

భద్రత కోసమని రెండువైపులా కీ పట్టే సిలిండర్ వేసి, లోపలి కీ తీసి బీరువాలో దాస్తారు. పొగ కమ్ముకున్నప్పుడు ఆ కీ దొరకదు. మనుషులు పడుకునే ఇంటికి లోపలివైపు చేత్తో తిప్పే నాబ్ ఉన్న సిలిండరే వేయండి. పక్కన అద్దం ఉండి, పగలగొట్టి చెయ్యి పెడతారన్న భయం ఉంటే ఆ అద్దం తీసి, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్‌ది మార్చండి. వేయించిన రోజు రాత్రి లైట్లన్నీ ఆపి, మంచం మీద నుంచి లేచి వచ్చి తలుపు తీసి చూడండి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ చేత కూడా తీయించండి. నాబ్ వాళ్ళ చేతికి బిగుతుగా ఉంటే మర్నాడే సరిచేయించండి.